జొన్నగిరి చేలో ఇంగ్లీషు

మూడు నెలల బాడుగ కింద
మిద్దె ఓనరు ఫ్యాను విప్పుకున్నాడు,
బల్లలు ఎత్తుకుపోయినాడు.
నల్లబోర్డు గోడకు సిమెంటుతో అతికింది కాబట్టి
అదొక్కటే నాకు మిగిలింది,
మోసుకుపోలేని ఆస్తి.
దాని మీద చివరి క్లాసు ఇంకా చెరపలేదు:
బ్రోక్. హార్డ్ అప్. హ్యాండ్ టు మౌత్.
డౌన్ ఆన్ యువర్ లక్.
లేనితనానికి ఇన్ని మాటలా సార్ అని
వెనక బెంచీ పిల్లోడెవడో ఆవలిస్తా అడిగినాడు.
పరీక్షలో వస్తాయి, రాసుకో అన్నాను.
పరీక్ష ముందు నాకే వచ్చింది.

తొలివాన పడిన మర్నాడు
పత్తికొండలో జొన్నగిరి ఆటో ఎక్కినాను.
చంకలో నీళ్ళ సీసా, నెత్తిన తువ్వాల.
ఎర్రనేల మీద వందమంది
తల దించుకుని నడుస్తున్నారు,
హోంవర్కు చెయ్యని పిల్లల మాదిరి.
కళ్ళద్దాలు తుడుచుకుని నేనూ తల దించినాను.
మెరిసిందల్లా ఏరి, ఉమ్మి తుడిచి, ఎండకు పట్టి చూసినాను.
ఒకటి సీసా పెంకు.
ఒకటి పలుగురాయి.
ఒకటి, ఏ కూలిమనిషిదో, పచ్చగాజు ముక్క.

పక్క సాలులో ఉరుకుందమ్మ.
ఆస్పరి నుంచి వచ్చి మూడు రాత్రులాయె,
నిద్ర బడి వరండాలో.
"ఏం పని చేస్తావు సామీ?"
"ఇంగ్లీషు చెప్తాంటి."
"చెప్తాంటివా? చెప్తాండావా?"
ఇరవై ఏండ్లు టెన్సులు నేర్పినోణ్ణి.
మట్టిని కాలితో కెలికినాను.

"అయితే చెప్పు, మా అట్లాటోళ్ళను ఇంగ్లీషులో ఏమంటారు?"

బ్రోక్ అంటారన్నాను. విరిగినోడని.
"విరిగితే బాధేముండాది,
పుత్తూరికి పోయి కట్టు కట్టిచ్చుకోవచ్చు."
హ్యాండ్ టు మౌత్ అన్నాను,
చేతిలోంచి నేరుగా నోట్లోకి.
వంగిన నడుము ఎత్తి మరీ నవ్వింది:
"ఆదోని సావుకారి మాత్రం
కాలితో తింటాడా ఏంది?"

హార్డ్ అప్ ఇంక చెప్పలేదు నేను.

ఆమె కాడ వేరే పుస్తకముంది, ఎవురూ అచ్చేయనిది.
నాలుగు పొద్దులుగా పొయ్యిలో పిల్లి లేయలేదంట.
బోరు ఎనిమిదినూర్ల అడుగులు దిగి
దుమ్ము కక్కిందంట.
అప్పులోళ్ళు వస్తే కుక్క గూడా అరవదంట,
రోజూ వచ్చే మనుషులే గదా అని.
ఇదంతా గట్టిగానే చెప్పింది, పక్క సాలుకు వినబడేటట్టు.
"విత్తనం కాయ తినేస్తిమి సార్" అనేటప్పుడు మాత్రం
గొంతు తగ్గించింది,
దొంగతనం ఒప్పుకున్నట్టు.
దానికి ఇంగ్లీషు వెతికినాను.
ఉండే ఉంటాది.
నాకు రాలేదు.

పొద్దు వాలినాక, ఆమె అడక్కుండానే,
డౌన్ ఆన్ యువర్ లక్ అన్నాను.
మాటకు మాట పెట్టి అర్థం చెప్పినాను:
అదృష్టం మీద కింద పడుండేది.
చప్పున కాళ్ళ కింద చూసుకునింది ఉరుకుందమ్మ.
మడమ పక్కన మట్టి గోటితో గిల్లింది.
"అయితే కిందనే ఉండాదన్న మాట."
చేలో ఆ వందమందీ
ఆ మాట నమ్మే వచ్చినారు,
ఇంగ్లీషు ముక్క రాకున్నా.

ఏమీ దొరకలేదు.
జొన్నరొట్టె సగం తుంచి
దాని మీద ఊరిబిండి పెట్టి ఇచ్చింది.
చేతిలోంచి నేరుగా నోట్లోకి.

రోడ్డెక్కి ఆటో ఆపినాను.
జేబులో పదైదు, ఊరికి నలభై.
అద్దంలో చూసి గుర్తుపట్టినాడు డ్రైవరు మౌలాలి.
నేను నోరు తెరిచేలోపే
"నో ప్రాబ్లం సార్" అన్నాడు.
పలకడంలో తప్పు లేదు. నేను నేర్పిందే.
రెండేండ్ల కింద
సగం ఫీజు ఎగ్గొట్టి క్లాసు మానేసినోడు.
ఊరొచ్చేదాకా
ఆ ఊసు నేనెత్తలేదు,
వాడూ ఎత్తలేదు.